ఊగుట వేరు, ఒరుగుట వేరు

దౌల్తాబాద్ అన్నంతనే పెక్కుమందికి మహారాష్ట్రములోని దేవగిరి కోట జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పబోవునది ఆ దౌల్తాబాద్ కాదు. సిద్దిపేట జిల్లాలో మరియొక దౌల్తాబాద్ కలదు, అదియును కాదు. కొడంగల్లుకు చేరువను, కర్ణాటక సరిహద్దుకు దాపునను ఉన్న మండల కేంద్రమిది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందియుండి, ఆ సంవత్సరము అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో చేరినది. ఆ ప్రాంతమున పండు కందికి తాండూరు కంది అని పేరు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. భూమిని త్రవ్వినచో నాపరాయి. ఆ రాతిని పలకలుగా కోసి, లారీలకెత్తి నలుదెసలకును పంపుచుందురు. పాత కారును గురించి మాట్లాడ వచ్చినవారికి ఈ కందితోను, ఈ రాతితోను పనియేమని శ్రోతలు అనుకొనవచ్చును. పని కలదు. కారు మలుపు తిరుగుట యనునది బరువునకును రోడ్డునకును సంబంధించిన వ్యవహారము. ఆ ప్రాంతపు రోడ్లమీద బరువెట్లు నడచునో తెలియనిదే ఈ కథ తెలియదు.

దౌల్తాబాద్‌లో మా మేనల్లుడొకడు కలడు. పొలము చేసికొనుచు, విత్తనముల దుకాణము నడపుకొనుచున్నాడు. కొన్ని యేండ్ల క్రిందట అతడు పాత సెడాన్ కారు నొకదానిని సెకండుహ్యాండులో కొనెను. సెడాన్ అనగా నాలుగు తలుపులును, వెనుక డిక్కీయును గల కారు. 1990ల చివర తయారైనది. ముందు చక్రములు లాగునట్టిది. పదునైదేండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషను ఐదేసి యేండ్లకు పునరుద్ధరింపబడుచు వచ్చుచున్నది. ఇంజను గట్టిది. ఆ కారులోనే అతడు నెలకొకసారి తన తల్లిని, అనగా మా అక్కగారిని, తాండూరు మీదుగా వికారాబాదు ఆసుపత్రికి తీసికొనిపోవుచుండును. త్రోవలో అనంతగిరి కొండలు. మూసీనది పుట్టినచోటు కదా యని సంతోషించువారు సంతోషింతురుగాక, కారు నడపువానికి మాత్రము అవి మలుపులు.

ఒకనాడు అతడు మాకు ఫోను చేసి ఇట్లనెను: "మామా, అనంతగిరి మలుపుల కాడ కారు పడవ లెక్క ఊగుతున్నది. లావు స్టెబిలైజర్ రాడ్డు వేయిస్తే నిలబడుతదంటున్నరు. వేయించాల్నా?"

మేము యంత్రశాస్త్రము చదివినవారము. రిటైరగువరకు అదియే బోధించినవారము. కారును చూడలేదు, దాని క్రిందకు వంగలేదు. అయినను, "వేయించుకో, వెనుక రాడ్డు లావుది వేయించుకో" అని జవాబు చెప్పితిమి. ఆ జవాబెంతటి తొందరపాటుదో తెలిసికొనుటకు మాకు మూడు నెలలు పట్టినది. నేటి మా ప్రసంగమంతయు ఆ మూడు నెలల పాఠమే.

మొదట ఆ రాడ్డు ఏమిటో మనవి చేయుదుము. నిండు బస్సులో నిలుచుండి ప్రయాణించినవారికి మలుపును గురించి వేరుగ బోధింప నక్కరలేదు. బస్సు కుడికి తిరిగినపుడు మనము ఎడమకు తూలుదుము. కారును అట్లే తూలును. దాని పైభాగము కమానుల మీద, అనగా స్ప్రింగుల మీద, నిలిచియున్నది గనుక, మలుపునకు వెలుపలి వైపు స్ప్రింగులు అణగును, లోపలి వైపువి లేచును. ఎడ్లబండికి కమానులు లేవు. అందుచే అది ఒరగదు. వచ్చిన కుదుపంతయు కూర్చున్నవాని నడుమునకే. మెత్తదనము కావలెనన్నచో కొంత ఒరుగుట తప్పదు. ఒరుగుట తగ్గవలెనన్నచో కొంత మెత్తదనము వదలుకొనవలెను. ఈ బేరమును కొంత తెలివిగా కుదుర్చుటకు పుట్టినదే ఈ రాడ్డు. దీనికి తొలి పేటెంటు 1919లో కెనడా దేశస్థుడొకనికి ఇయ్యబడినది.

కారు క్రిందకు దూరి చూచినచో ముందు చక్రముల రెంటి నడుమ అడ్డముగా, బొటనవ్రేలి లావున, ఉక్కు కడ్డీ యొకటి కనిపించును. రెండు కొనలును చేతులవలె ఒకే వైపునకు వంచబడియుండును. నడిమి భాగమును రెండు రబ్బరు బుషింగులలో పట్టి కారు శరీరమునకు బిగింతురు. కొనలను చిన్న లింకుల ద్వారా చక్రములను మోయు చేతులకు తగిలింతురు. కొన్ని కార్లకు వెనుకను ఇట్టిదే మరియొకటి యుండును. మెకానిక్కులు దీనిని స్టెబిలైజర్ రాడ్డు అందురు. పుస్తకములలో యాంటీ రోల్ బార్ అనియు, స్వే బార్ అనియు వ్రాయుదురు. మనకు రాడ్డు అన్న చాలును.

దాని పని చూడుడు. రెండు చక్రములును ఒక్కసారిగా స్పీడుబ్రేకరు నెక్కినచో, రెండు కొనలును కలిసి లేచును. రాడ్డు తన బుషింగులలో ఊరక తిరుగును. అడ్డు చెప్పదు. ఒక చక్రము లేచి మరియొకటి దిగినపుడు మాత్రము, తడిబట్టను పిండునపుడు మన రెండు చేతులు ఎదురెదురుగ తిరుగునట్లు, దాని కొనలు ఎదురెదురుగ తిరుగును. రాడ్డు మెలిపడును. మెలిపడుట ఉక్కునకు ఇష్టము లేదు గనుక అది తిరిగి సాగదీసికొనజూచును. ఆ పెనుగులాటయే కారును నిలబెట్టును.

ఇచ్చట ఒక చిన్న హెచ్చరిక. 1950ల చివరినుండి 2014 వరకు బెంగాలులోని ఉత్తరపారలో తయారైన అంబాసిడర్ కారు, ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణికి మారురూపము. దాని ముందు చక్రములకు చుట్టల స్ప్రింగులు లేవు. కారు పొడవునకు సమాంతరముగా సాగు రెండు కడ్డీలు మెలిపడియే బరువును మోయును. వానిని టార్షన్ బార్లందురు. సూత్రమొక్కటే; ఉద్యోగము వేరు. అడ్డముగా నున్నది ఒరుగుటను ఆపును, నిలువుగా నున్నది కారునే మోయును. ఈ భేదము నెరుగక టార్షన్ బార్ నట్లు విప్పబోయినవాడు తన ప్రాణముతో ఆడుకొనుచున్నాడన్నమాట. ఇప్పటికిని అంబాసిడర్‌ను ముద్దుగా ఉంచుకొన్నవారు మన జిల్లాలలో కలరు గనుక ఇంతగా చెప్పుచున్నాము.

ఇక లావు సంగతి. రాడ్డు బిగువు దాని అడ్డుకొలత యొక్క నాలుగవ ఘాతమునుబట్టి పెరుగును. చెవికి ఇది లెక్కల తరగతివలె తోచును గాని, ఫలితము మాత్రము దుకాణములో కూర్చుండి తెలిసికొనదగినదే. 20 మిల్లీమీటర్ల రాడ్డును తీసి 22 మిల్లీమీటర్లది వేసినచో కంటికి తేడా తెలియదు. బిగువు మాత్రము దాదాపు ఒకటిన్నర రెట్లగును. 24 వేసినచో రెట్టింపునకు మించును. లోపల బోలుగా నున్న రాడ్డును కొందరు అమ్ముదురు. అది మోసము కాదు. వెలుపల 24, లోపల 16 మిల్లీమీటర్లున్న బోలు రాడ్డు, నిండు రాడ్డు బిగువులో ఐదింట నాలుగు వంతులిచ్చుచు, బరువులో సగమునకు కొంచెము మించి మాత్రమే తూగును. మెలి యంతయు కడ్డీ అంచుననే పనిచేయును గాని నడుమనున్న ఉక్కు అంతగా పాటుపడదు.

మరియొక భ్రమను కూడ ఇచ్చటనే తీసివేయుట మంచిది. "గట్టి ఉక్కు వేసినాము, అందుచే గట్టిగా నిలుచును" అని చెప్పువారు కలరు. ఉక్కు ఏ రకమైనను దాని స్థితిస్థాపకత దాదాపు ఒక్కటే. లావును ఆకారమును ఒక్కటిగా నున్నంతకాలము, ఇంటికప్పునకు వేయు కడ్డీయైనను, స్ప్రింగు ఉక్కైనను ఒకే బిగువు నిచ్చును. భేదమెక్కడ? మెలి మితిమీరినపుడు స్ప్రింగు ఉక్కు తిరిగి తన రూపునకు వచ్చును. మామూలు కడ్డీ వంగినది వంగినట్లే యుండును, లేదా కొంతకాలమునకు పగుళ్లు వారి విరుగును. అందుచేతనే కొలిమిలో కాల్చి వంచిన రాడ్డును, వెల్డింగు చేసి అతికిన రాడ్డును కారునకు పెట్టరాదు. కాల్చినచోట ఉక్కు తన పదునును పోగొట్టుకొనును.

మా మేనల్లుని కారునకు వెనుక 14 మిల్లీమీటర్ల సన్నని రాడ్డుండెడిది. అతడు హైదరాబాదు పోయి, 18 మిల్లీమీటర్లది చేయించి తెచ్చి బిగింపించెను. నాలుగవ ఘాతపు లెక్క వేసినచో బిగువు రెండున్నర రెట్లకు మించినది. మేము వెనుకది లావుగా ఉండవలెనని చెప్పుటకు పుస్తకములలో కారణము లేకపోలేదు. ముందు చక్రములు లాగు కార్లు మలుపులో ముక్కును వెలుపలికి త్రోసికొనిపోవును. వెనుక రాడ్డు లావైనచో ఆ గుణము తగ్గును. పొడి రోడ్డుమీద రెండు నెలలు అతడు మమ్ము పొగడని వారము లేదు. "పట్టాల మీద పోయినట్టు పోతున్నది మామా" అనెడివాడు. మేమును పొంగితిమి.

తొలకరి వచ్చెను. అనంతగిరి దిగుచుండగా చినుకులు పడుచున్నవి. వెనుక సీటులో మా అక్కగారు. మలుపు నడుమ ఎదురుగా నాపరాతి లారీ యొకటి రోడ్డు మధ్యకు వచ్చుచు కనబడినంతనే మా మేనల్లుడు ఎవరైనను చేయు పనియే చేసెను: ఆక్సిలేటరు మీదినుండి కాలు తీసెను. తీసిన మరుక్షణమున కారు వెనుకభాగము ప్రక్కకు జారి, కారు రోడ్డునకు అడ్డముగా తిరిగెను. ఒక వెనుక చక్రము రోడ్డు దిగి బురదలో కూరుకొని ఆగినది. లారీవాడు నేర్పరి, జానెడు దూరములో ఆపెను. ఎవరికిని గీత పడలేదు.

ఆ రాత్రి అక్కగారు మాతో ఫోనులో మాట్లాడినది ఒక్క మాటయే. "తమ్ముడూ, నువ్వు వేయించుకోమన్న రాడ్డేనంట గద." ఆమె కోపముతో అనలేదు. కోపముతో అనియున్నచో మాకు కొంత తేలికగా ఉండెడిది.

మరునాడు కాగితము తీసికొని మొదటినుండి లెక్క వేసితిమి. ఆ లెక్కను ఫోను వచ్చిననాడే వేసియుండవలసినది. వేయి కిలోల కారు, దాని గరిమనాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రముల నడుమ 135 సెంటీమీటర్లు. మలుపులో తన బరువులో పదింట నాలుగు వంతుల బలము ప్రక్కకు లాగుచున్నదనుకొందుము. 50 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు 50 కిలోమీటర్ల వేగముతో తిరిగినచో ఇంత బలమే కలుగును. అప్పుడు లోపలి చక్రములమీదినుండి వెలుపలి చక్రములమీదకు మారు భారము 160 కిలోలకు కొంచెము మించును. ఇచ్చటనే అసలు సంగతి యున్నది. ఏ రాడ్డు వేసినను, ఎంత లావుది వేసినను, ఈ 160 కిలోలలో చెప్పుకొనదగినంతగా తగ్గదు. కారు ఒరగనంత మాత్రమున భారము మారుట ఆగదు. రాడ్డు చేయునదెల్ల, ఈ భారములో ముందు చక్రముల జత ఎంత మోయవలెను, వెనుక జత ఎంత మోయవలెను అను పంపకమును మార్చుట మాత్రమే.

పంపకము మారిన నష్టమేమి? తాండూరు మార్కెట్టులో హమాలీలను చూచినవారికి తెలియును. ఇద్దరు మనుష్యులు చెరియొక బస్తాను మోసినచో పని సాగిపోవును. రెండు బస్తాలను ఒకని వీపున వేసి, రెండవవానిని చేతులూపుకొనుచు నడువుమన్నచో, ఇద్దరి పని జరుగదు, మోయువాడు తూలును. టైరు గుణమును అంతే. దానిమీద బరువు రెట్టింపైనచో పట్టు పెరుగును గాని రెట్టింపు కాదు. కావున ఏ జత చక్రములలో ఒకదానిమీద భారము మిక్కుటముగా చేరునో ఆ జత మొత్తము పట్టు తగ్గును. ముందు రాడ్డు లావైనచో ముందు చక్రములు మొదట జారును. స్టీరింగు త్రిప్పినను కారు సూటిగా పోజూచును. వెనుక రాడ్డు లావైనచో వెనుక చక్రములు మొదట జారును. కారు బొంగరమువలె తిరుగజూచును. మొదటిది చెడ్డదే గాని, బెదిరిన డ్రైవరు కాలు తీసి వేగము తగ్గించినచో చాలవరకు సర్దుకొనును. రెండవదానియందు కాలు తీయుటయే కొంప ముంచును. ఏలయన కాలు తీసినంతనే వెనుక చక్రములమీది బరువు ముందునకు పోవును. అసలే తగ్గిన పట్టు మరింత తగ్గును. వాన పడినచో చెప్పనక్కరలేదు.

వేగమును గురించి కూడ ఒక మాట. అదే మలుపును 50కి బదులు 60 కిలోమీటర్ల వేగముతో తిరిగినచో ప్రక్కకు లాగు బలము నూటికి 44 వంతులు పెరుగును. కారుమీద క్యారియరు కట్టి, 50 కిలోల కందిబస్తాలు రెండు ఎక్కించినచో, మేము చెప్పిన 160 కిలోలు 200 దాటును. క్యారియరు దించుట కంటె చవకయైన స్టెబిలైజర్ ఈ లోకమున లేదు.

ఇట్టి పంపకము తప్పి పేరు చెడగొట్టుకొన్న కారు ప్రపంచములో ఒకటి కలదు. 1960 మోడలుగా అమెరికాలో వెలువడిన షెవర్లె కోర్వేర్. ఇంజను వెనుక నుండెను; వెనుక ఇరుసులు రెండును ఊయల వలె వ్రేలాడునట్టివి. ముందు రాడ్డు వేసినచో జారుడు ముందునకు మారి కారు కొంత కుదుటబడియుండెడిది. మొదటి యేండ్ల కార్లకు ఆ రాడ్డు బిగింపక, ముందు టైర్లకు 15 పౌండ్లు, వెనుక వానికి 26 పౌండ్లు గాలి పెట్టుకొనుడని యజమానులకు చెప్పిరి. గాలి పెట్టు కుర్రవాడు నాలుగింటికిని ఒకే లెక్కన కొట్టియిచ్చినచో ఏమగునో ఊహింపవచ్చును. 1964 మోడలునకు ముందు రాడ్డు వచ్చెను. వెనుక ఏర్పాటును మార్చిరి. 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకములో మొదటి అధ్యాయమును ఈ కారునకే కేటాయించెను. తరువాత 1972లో ఆ దేశపు ప్రభుత్వ సంస్థ, ఆ కాలపు ఇతర కార్లతో పోల్చినచో ఇది మరీ చెడ్డది కాదని నివేదిక నిచ్చినది. నిజమెవరిదైనను, ఒక రాడ్డుండుటయు లేకపోవుటయు ఎంత వాదమునకు మూలమగునో చూడుడు. అక్కడ ముందు రాడ్డు లేక వచ్చిన చిక్కును, మేము ఇక్కడ వెనుక రాడ్డును లావు చేసి కొనితెచ్చుకొంటిమి.

ఆ వారమే మేము దౌల్తాబాద్ పోయితిమి. మేనల్లుడు మమ్మేమియు అనలేదు. కారు తీసికొని తాండూరులో, వయసు మళ్లిన ఒక ఉస్తాదు వద్దకు చేరితిమి. ఆయన మా మాటలు సగము విని, కారు ముందు మూలను రెండు చేతులతో అణచి వదలెను. కారు నాలుగుసార్లు లేచి పడెను. "షాకబ్జార్బర్లు ఖతమైనయి సార్" అనెను. పిదప గుంతలోనికి దిగి, ఒక పట్టుకారుతో ముందు రాడ్డును కదిలించి చూపెను. బుషింగుల రబ్బరు ఎండి, పగిలి, లోపల వ్రేలు దూరునంత సందు ఏర్పడినది. ఒక వైపు లింకు బంతి వదులై టకటక లాడుచున్నది. అనగా కంపెనీవారు బిగించిన ముందు రాడ్డు, సగము మెలిపడకముందే ఆ సందులో కాలక్షేపము చేయుచున్నది. ముందు రాడ్డు పనిచేయని కారునకు వెనుక రెండున్నర రెట్ల బిగువు నిచ్చితిమి. మా లెక్క కంటె పరిస్థితి మరింత చెడ్డది.

గుంత అంచున నిలుచుండి మేము గ్రహించిన సంగతి యిది. మా మేనల్లుడు కారు "ఊగుతున్నది" అనెను. మేము "ఒరుగుచున్నది" అని వింటిమి. ఒరుగుట యెంత యనునది స్ప్రింగుల చేతిలోను రాడ్డు చేతిలోను ఉన్న పని. ఒరిగినది మరల మరల ఊగకుండ ఆపుట షాకబ్జార్బర్ల పని. పడవవలె ఊగు కారునకు రాడ్డు మార్చుట, జ్వరమునకు కళ్లజోడు వేయించుట వంటిది. అతడు తెలుగు సరిగానే చెప్పెను. వినుటయందే మా లోపము.

ఉస్తాదు చేసిన పని రెండు రోజులు పట్టినది. నాలుగు షాకబ్జార్బర్లు, ముందు రాడ్డు బుషింగులు, రెండు లింకులు మార్చెను. పాలీయురితేన్ బుషింగులు కూడ దొరకును. అవి రబ్బరు కంటె గట్టివి, ఎక్కువకాలము మన్నును. అయితే సిలికాన్ గ్రీజు వేయనిచో కీచుమని అరచును. మేము రబ్బరువే వేయించితిమి. రబ్బరునకు మామూలు గ్రీజు పూయరాదు, ఉబ్బి చెడిపోవును. ఉస్తాదు సబ్బునీటితో తడిపి ఎక్కించెను. బిగించునపుడు ఆయన పాటించిన పద్ధతిని ప్రత్యేకముగా చెప్పవలెను. కారు జాకీమీద వ్రేలాడుచుండగా బోల్టులను చేతితో మాత్రమే పట్టించి, కారును దించి, నాలుగు చక్రములమీద నిలిచిన తరువాత గుంతలోనుండి గట్టిగా బిగించెను. ఒక ప్రక్క మాత్రమే ఎత్తి బిగించినచో రాడ్డు పుట్టుకనుండియే మెలిపడి యుండును. రబ్బరును తొందరగా చిరుగును. ఏ కాలేజీలోను మేమీ సంగతి బోధించినట్లు జ్ఞాపకము లేదు.

టైర్లను కూడ చూచితిమి. టైరు ప్రక్కన గుండ్రని గీతలో నాలుగంకెలుండును. 2316 అని యున్నచో 2016వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. వెనుక టైర్లు రెండును అంతటి వృద్ధులే. పైకి గాళ్లు లోతుగా కనబడుచున్నవి గాని రబ్బరు గాజువలె బిరుసెక్కినది. క్రొత్త టైర్లు వేయించితిమి. ముందు రెండు క్రొత్తవి, వెనుక రెండు పాతవి వేయు అలవాటు మన వైపున ఎక్కువ. వెనుక చక్రములు మొదట జారుట ఎట్టిదో చెప్పితిమి గనుక ఆ అలవాటును గురించి వేరుగ చెప్పము. క్రొత్తవి రెండే కొనగలిగినచో అవి వెనుకకే.

ఇంత చేసిన తరువాత వెనుకకు పాత 14 మిల్లీమీటర్ల రాడ్డునే తిరిగి వేయించితిమి. మేనల్లునకు అది నచ్చలేదు. "ముందుది ఒక నంబరు లావు వేద్దామా మామా?" అని అడిగెను. అడుగదగిన ప్రశ్నయే. మంచి రోడ్డు, క్రొత్త బుషింగులు, మంచి టైర్లు కలిగి, ముందు రాడ్డును ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెంచినచో కారు స్టీరింగునకు చురుకుగా బదులు చెప్పును. ఒరుగుట తగ్గుటవలన డ్రైవరునకు నిబ్బరము కలుగును. మేము దానిని కాదనము. కాని దౌల్తాబాద్ నుండి తాండూరు వరకు అతనితో కూర్చుండి ప్రయాణము చేసి చూచితిమి. రాతి లారీల బరువునకు రోడ్డు ఒక ప్రక్క కుంగియుండును. గుంతలు ఒక చక్రము క్రిందకే వచ్చును. రాడ్డు రెండు చక్రములను కట్టివేయును గదా. ఎడమ చక్రము గుంతలో దిగినపుడు కుడి చక్రమును కూడ తనతో లాగును. రాడ్డు లావైనకొలది ఆ లాగుడు ఎక్కువ. కారు ఎడమకు కుడికి తల విదలించును. వెనుక సీటులోని ముసలిప్రాణమునకు మలుపులో తగ్గిన ఒరుగుడు కంటె, తిన్నని రోడ్డుమీద పెరిగిన కుదుపే ఎక్కువ బాధ.

పాత కారునకు మరియొక చిక్కు కలదు. రాడ్డు ఎంత బలముగా పెనుగులాడునో అంత బలముగాను తన క్లాంపులను పట్టి లాగును. ఇరువది అయిదు వానలు చూచిన రేకు అది. ఉస్తాదు ఆ చోట సుత్తితో తట్టి, చప్పుడు విని, "ఇది ఓరిజినల్ దానికి ఆగుతది, పహిల్వాన్‌కు ఆగదు" అనెను. ఆ మాటతో వాదము ముగిసినది.

చట్టమును గురించి అడుగువారుందురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, కారు తయారీదారు మొదట నిర్దేశించినదానికి విరుద్ధముగ రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షనును గట్టిగానే నిలబెట్టినది. రాడ్డు లావు రిజిస్ట్రేషను పత్రములో ఉండదు. అయినను ప్రమాదము జరిగినపుడు బీమా కంపెనీవారి సర్వేయరు కారు క్రిందకు వంగి చూచును. మార్పును ముందుగా వారికి తెలుపనిచో చిక్కు రావచ్చును. మేము మేనల్లుని కొరకు ఈ సంగతి కనుగొనునప్పటికి రాడ్డును తీసివేయుట జరిగియే యుండెను.

గడచిన శ్రావణమున అక్కగారితోబాటు మేమును అదే త్రోవను వికారాబాదు పోయితిమి. వాన కురియుచునే యున్నది. అనంతగిరి మలుపులలో కారు ఒరిగినది, ఎప్పటివలెనే ఒరిగినది. కాని ఒక్కసారి ఒరిగి, నిలిచి, మలుపు తీరినంతనే లేచినది. ఊగలేదు. మేనల్లుడు గంటకు నలుబది కిలోమీటర్లు దాటనీయలేదు. అక్కగారు నిద్రపోవుచుండిరి.

18 మిల్లీమీటర్ల రాడ్డు ఇప్పుడు వారి పెరటిలో, రెండు చేతులను భూమిలో పాతుకొని, బీరపాదును మోయుచున్నది. మొన్న ఫోనులో ఆ పాదు కాయలు దిగినవని అక్కగారు చెప్పిరి.